పేరు మనది, పెత్తనం ఎవరిది?

తెలంగాణ కొట్లాటలో సగం కొట్లాట పేరు కోసమే జరిగింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని మూడు ముక్కల్లో చెప్పుకున్నాం గానీ, ఆ మూడింటి వెనుక నాలుగోది ఒకటుంది. అది మన పేరు. బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీజీ రాసుకున్న విద్యార్థులకు, జీతం నష్టపోయి సమ్మె చేసిన ఉద్యోగులకు ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2001 మే 17న కరీంనగర్ సింహగర్జనకు పోయిన జనం అడిగింది కూడా అదే: మా పేరు మీద మేము బతకనియ్యుండ్రి అని. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. బండి మీద టీజీ అధికారికంగా రావడానికి మాత్రం 2024 మార్చి దాకా ఆగవలసి వచ్చింది. రెండు అక్షరాలకే ఇన్నేండ్లు పడితే, ఈ గడ్డ మీద తయారయ్యే వస్తువుల పేర్లు, ఈ గడ్డ మీద పుట్టే పాటల హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయో లెక్క చూసుకోవద్దా?

సమైక్య రాష్ట్రంలో సర్కారు దుకాణంలో నిర్మల్ బొమ్మ కొనాలంటే లేపాక్షికి పోవాలి. లేపాక్షి నాటి అనంతపురం జిల్లాలోని ఊరు. ఆ ఊరి నంది గొప్పది, ఆ గుడి బొమ్మలు గొప్పవి. వాటి మీద మనకేం పంచాయితీ లేదు. కానీ నిర్మల్ నకాషీ చేసిన బొమ్మ, కరీంనగర్ కంసాలి అల్లిన వెండి పళ్లెం ఆ బోర్డు కిందనే అమ్ముడుపోయేవి. రాష్ట్రం వచ్చినంక బోర్డు మారి గోల్కొండ అయింది. సంతోషమే. అయితే బోర్డు మారడం వేరు, హక్కు చేతికి రావడం వేరు. బోర్డు సర్కారు మారుస్తుంది. హక్కును మాత్రం హక్కుదారే పోయి రాయించుకోవాలి. ఈ వారం మేము చెప్పదలచుకున్నది ఈ ఒక్క ముచ్చటే.

ముందు ఆ పనులేమిటో గుర్తు చేసుకుందాం. కరీంనగర్ ఫిలిగ్రీ అంటే వెండి తీగల పని. సన్నగా సాగదీసిన తీగలను రెండేసి మెలిపెట్టి, చదును చేసి, మందపాటి తీగతో కట్టిన చట్రంలో పూలుగా, ఆకులుగా నింపి, వెలిగారం చల్లి నిప్పు మీద అతికిస్తారు. ఎలగందుల నుంచి కరీంనగర్‌కు నడిచొచ్చిన పనితనం ఇది. నిజాం కాలపు అత్తరుదానులు, పాన్‌దానులు ఈ చేతుల మీదుగా వచ్చినవే. నిర్మల్ బొమ్మంటే మెత్తటి పొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముక్కలను అతికి, సుద్ద పూసి, రంగులేసే పని. ఆదిలాబాద్ డోక్రా అడవి పక్క ఊళ్లల్లో ఓజా కుటుంబాల పని. మట్టి ముద్ద మీద మైనపు దారాలు చుట్టి బొమ్మ అల్లి, పైన మళ్లీ మట్టి పెట్టి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. అందుకే ఒకదాని లాంటిది ఇంకోటి ఉండదు. ఉషేగావ్, కెస్లగూడ ఊళ్ల పేర్లు ఆ బొమ్మల వల్లనే బయటి లోకానికి తెలిశాయి.

ఈ మూడు పేర్లకూ చట్టం ముద్ర ఉంది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి 2007లో, నిర్మల్ బొమ్మలకు 2009లో, ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జనం నోట ఇది జీఐ అయింది. మొదటి రెండూ సమైక్య రాష్ట్రంలో వచ్చాయి, మూడోది మన రాష్ట్రంలో వచ్చింది. వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో ఫొటోలు పడ్డాయి, నాయకులు శాలువాలు కప్పారు. ఆ తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. కొత్త బియ్యం వండుకోకుండా బస్తాకు బొట్టు పెట్టి మూలకు పెట్టినట్టయింది.

ఈ చట్టం ఎందుకొచ్చిందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. ఫ్రాన్స్‌లోని షాంపేన్ అనే సీమలో తీసిన మద్యాన్నే ఆ పేరుతో అమ్మాలని ఫ్రెంచి వాళ్లు ఏండ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడారు. 1997లో రైస్‌టెక్ అనే అమెరికా కంపెనీ బాస్మతి బియ్యం మీద అక్కడ పేటెంటు తెచ్చుకున్నప్పుడు మన దేశానికి సోయి వచ్చింది. 1999లో పార్లమెంటు భౌగోళిక గుర్తింపుల చట్టం చేసింది. 2003 సెప్టెంబర్ 15 నుంచి అమలులోకి వచ్చింది. దాని రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. మన వైపు నుంచి ఆ పుస్తకంలోకి ముందుగా ఎక్కిన పేరు పోచంపల్లి ఇక్కత్.

ఈ చట్టంలో ఒక సెక్షన్ ఉంది. ఉద్యోగ సంఘాల మిత్రులు, లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు దాన్ని కంఠస్థం చేయాలి. అది 24వ సెక్షన్. జీఐ హక్కును అమ్మడానికి లేదు. రాసివ్వడానికి లేదు. లైసెన్సు మీద కిరాయికి ఇవ్వడానికి లేదు. తాకట్టు పెట్టడానికీ లేదు. ట్రేడ్‌మార్కును కంపెనీలు లైసెన్సు మీద తిప్పుకుంటాయి. పేటెంటును అమ్ముకుంటాయి. కాపీరైటును రాయించుకుంటాయి. జీఐ అట్ల కాదు. అది ఒక మనిషి సొత్తు కాదు, ఒక సీమలో ఆ పని చేసే వాళ్లందరి ఉమ్మడి సొత్తు. వాడుక హక్కు ఉన్న పనివాడు కన్ను మూస్తే ఆ హక్కు అతని వారసులకు పోతుంది. ఎంత పెద్ద వ్యాపారి అయినా కోట్లు గుమ్మరించి నిర్మల్ అనే పేరును కొనుక్కోలేడు. 25వ సెక్షన్ ప్రకారం ఆ పేరును తన ట్రేడ్‌మార్కుగా రాయించుకోనూ లేడు. భూములు పోయినట్టు పేరు పోకుండా చట్టం కట్టిన కంచె ఇది. మన భూములకే ఇట్లాంటి కంచె గట్టిగా నిలబడి ఉంటే ఆదిలాబాద్ అడవుల చరిత్ర వేరేగా ఉండేది.

అయితే కంచె ఉన్నా కావలి మనిషి ఉండాలి కదా! చిక్కు అక్కడే ఉంది. జీఐ రిజిస్టరుకు రెండు భాగాలు. మొదటి భాగంలో వస్తువు పేరు, దాన్ని నమోదు చేయించిన సంఘం పేరు ఉంటాయి. రెండో భాగంలో ఆ పేరును వాడుకునే హక్కున్న పనివాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా ఎక్కాలి. ఎక్కినవాడే చట్టం దృష్టిలో అధీకృత వాడుకదారు. పేరును వ్యాపారానికి వాడుకునే హక్కు అతనికి. ఎవడన్నా ఆ పేరు దొంగిలిస్తే దావా వేసే హక్కు అతనికి. పుస్తకంలో ఎక్కని మనిషి తాత ముత్తాతల కాలం నుంచి అదే పని చేస్తున్నా, కాగితం మీద మాత్రం పరాయివాడే. సంఘానికి సర్టిఫికెట్ వచ్చింది, గోడకు వేలాడుతున్నది, మాకు అందరికీ హక్కు వచ్చినట్టే అనుకుంటే అది భ్రమ. పట్టా ఊరి పేరు మీద ఉంటే సరిపోదు, పాసుబుక్కులో నీ పేరుండాలి. ఈ సంగతి మన పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

మరి పుస్తకంలో ఎక్కడానికి ఎంత ఖర్చు? ఒకప్పుడు 500 రూపాయలు. 2020లో కేంద్రం నిబంధనలు మార్చి దాన్ని 10 రూపాయలు చేసింది. కరీంనగర్ బస్టాండులో చాయ్ పైసలు! నమోదుకు పదేండ్ల గడువు ఉంటుంది, గడువు ముగిసేలోగా మళ్లీ రెన్యువల్ చేయించాలి. పది రూపాయల పని ఎందుకు కాదంటే దాని వెనుక కాగితం పని ఉంది. తాను ఆ సీమ వాడినని, ఆ పని చేస్తానని వివరం రాయాలి. అఫిడవిట్ కావాలి. చెన్నైకి పంపాలి. అక్కడి నుంచి ఇంగ్లీషులో అభ్యంతరం వస్తే ఇంగ్లీషులోనే జవాబివ్వాలి. పొద్దంతా నిప్పుల కొలిమి ముందు కూర్చునే ఓజాకు, వెండి ధర పెరిగినప్పుడల్లా పెట్టుబడికి దేవులాడే కంసాలికి ఈ పని ఎవరు చేసిపెట్టాలి? దరఖాస్తులు రాయడమే బతుకుగా ఉన్న మనమే చేసిపెట్టాలి.

ఇగ ప్రకటనల ముచ్చట. ప్రతి పండుగకూ పట్నాల్లో ఎగ్జిబిషన్లు పడతాయి. నిర్మల్ పెయింటింగులు, సగం ధరకే, మూడు రోజులు మాత్రమే అని బ్యానర్లు కడతారు. లోపల ఉన్నది నిర్మల్ చేతుల నుంచి వచ్చిందే అయితే పేచీ లేదు. హక్కున్న పనివాడి దగ్గర న్యాయంగా కొని మళ్లీ అమ్ముకునే వ్యాపారిని చట్టం తప్పు పట్టదు, మనమూ తప్పు పట్టం. వ్యాపారి లేకుంటే సరుకు ఎట్ల పోతుంది? కానీ వేరే కర్రతో, అచ్చుతో ఎక్కడో తీసిన బొమ్మకు నిర్మల్ అని చీటీ అతికిస్తే అది కొనేవాడిని మోసం చేయడం, చేసేవాడి నోటికాడి కూడు లాగడం. 22వ సెక్షన్ దాన్ని ఉల్లంఘన అంటుంది. దొంగ గుర్తింపు వాడితే ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేండ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అని ఆ చట్టమే రాసుకుంది. డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి, రిజిస్ట్రారు అభిప్రాయం తీసుకుని, సరుకు జప్తు చేయవచ్చు.

ఇందులో ఒక సందు కూడా ఉంది. నిర్మల్ అనకుండా నిర్మల్ తరహా, నిర్మల్ స్టైల్ అని రాస్తారు. ఇట్లాంటి మాటలను కూడా నిషేధించే ప్రత్యేక రక్షణ చట్టంలో ఉంది గానీ, అది కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన సరుకులకే దక్కుతుంది. మిగతా వాటికి, కొనేవాళ్లు తప్పుదారి పట్టారని రుజువు చేయవలసి వస్తుంది. మన ఎంపీలు పార్లమెంటులో అడగవలసిన ప్రశ్న ఇది. మా మూడు పేర్లనూ ఆ ప్రత్యేక రక్షణలోకి తెండి అని. ప్రశ్న చిన్నదే. అడిగే నోరు కావాలి.

తప్పుడు ప్రకటనలకు ఇంకో చట్టం కూడా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర ప్రాధికార సంస్థ మొదటి తప్పుకు 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఇది బొమ్మలకే కాదు, చదువులకూ వర్తిస్తుంది. ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు గోడల నిండా, పేపర్ల నిండా వేసుకుని సీట్లు అమ్ముకునే కోచింగు దుకాణాలు మన విద్యార్థులకు కొత్త కాదు. ఉద్యమ కాలంలో కార్పొరేట్ చదువుల మీద మనం చేసిన లొల్లి యాదికుండే ఉంటుంది. 2024 నవంబరులో అదే సంస్థ కోచింగు సెంటర్లకు నియమాలు పెట్టింది. విద్యార్థి పేరు, ఫొటో వాడాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. అదీ ఫలితం వచ్చి ఎంపికైన తర్వాత తీసుకున్నదే చెల్లుతుంది. చేర్చుకునే రోజే ఫారం మీద సంతకం పెట్టించుకుంటే చెల్లదు. జగిత్యాల పిల్లకు ర్యాంకు వస్తే ఆ పేరు ఆ పిల్లదే, దుకాణానిది కాదు.

సర్కారు ప్రకటనల సంగతి కూడా చెప్పకపోతే మా మాట ఒంటి కాలిమీద నిలబడ్డట్టవుతుంది. 2015 మే 13న సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో తీర్పు చెప్పింది. ప్రజల పైసలతో వేసే ప్రకటన ప్రజలకు సమాచారం ఇవ్వాలి, పార్టీకో మనిషికో డప్పు కొట్టకూడదన్నది అందులోని సారం. ఫొటోల మీద పెట్టిన ఆంక్షను 2016లో సడలించి ముఖ్యమంత్రులకు, మంత్రులకు చోటిచ్చారు. సారం మాత్రం మారలేదు. ఏ పార్టీ సర్కారు ఉన్నా పేజీలకు పేజీలు ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. వాటిల్లో నెమలీకల టోపీ పెట్టుకున్న గుస్సాడి, బతుకమ్మ, డోక్రా ఏనుగు కనిపిస్తూనే ఉన్నాయి. 2023లో ఢిల్లీ జీ-20 సదస్సుకు వచ్చిన వాళ్ల కోసం బ్యాడ్జీలు కరీంనగర్ ఫిలిగ్రీ చేతులే చేశాయి. గర్వపడదాం. కానీ ఒక ఫుల్ పేజీ ప్రకటన పైసలతో ఎంతమంది పనివాళ్లకు అఫిడవిట్లు రాయించవచ్చో ఏ అధికారన్నా లెక్క వేశాడా?

వస్తువుల తర్వాత పాట, ఆట. కొట్లాటను నడిపించింది పాటే. ధూంధాం వేదికల మీద గజ్జె కట్టిన వాళ్లు కాగితాలు అడగలేదు, పైసలు అడగలేదు. ఆ రోజులు వేరు. ఇప్పుడు పాట సరుకైంది. ఊరి పిలగాడు పాట కట్టి పాడితే నాలుగు పైసలు చేతిలో పెట్టి సంతకం తీసుకుంటున్నారు. ఆ సంతకంతో ఏం పోయిందో అతనికి తెలవదు. 1957 కాపీరైటు చట్టం ఏమంటుందో వినండి. హక్కు బదిలీ గానీ, లైసెన్సు గానీ రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నేండ్లకు ఇచ్చావో రాయకపోతే ఐదేండ్లకే ఇచ్చినట్టు. ఎంత ప్రాంతానికో రాయకపోతే ఇండియాకే పరిమితం. తీసుకున్నవాడు ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేకుంటే, హక్కు తిరిగి రాసినవాడికే వస్తుంది. 2012 జూన్ 21 నుంచి అమలైన సవరణ ప్రకారం సినిమాకో, రికార్డింగుకో పాట రాసిన, బాణీ కట్టిన వాళ్లు రాయల్టీలో తమ వాటాను వదులుకుంటామని రాసిచ్చినా అది చెల్లదు. హక్కు మొత్తం అమ్ముకున్నా సరే, నా పేరు వేయాలని అడిగే హక్కు 57వ సెక్షన్ కింద రచయితకు మిగిలే ఉంటుంది.

అమ్మమ్మల నాటి పాటకు సొంతదారు ఉండడు, అది జనానిది. దాన్ని ఒకడు రికార్డు చేసి పాట మొత్తం నాదే అంటే కుదరదు. ఆ రికార్డింగు మీదనే అతనికి హక్కు. అదే పాటను ఇంకో ఊరి ఆడబిడ్డ తన గొంతుతో పాడుకుంటే ఆపే హక్కు అతనికి లేదు. పాడిన మనిషికి, ఆడిన మనిషికి కూడా చట్టం విడిగా హక్కునిచ్చింది. వాళ్ల ఒప్పుదల లేకుండా ప్రదర్శనను చిత్రీకరించి వ్యాపారం చేయకూడదు. ఒకసారి సినిమాకు ఒప్పుకుని ఆడితే మాత్రం లెక్క మారుతుంది గనుక ఒప్పుకునే ముందే మాట్లాడుకోవాలి. మార్లవాయి గుస్సాడి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్ను మూశారు. ఆయన నేర్పిన ఆట ఆడే పిల్లలకు పద్మశ్రీలు రాకపోయినా ఫర్వాలేదు. చిత్రీకరణకు వచ్చినవాడిని, పైసలెన్ని, పేరు వేస్తారా, ఎక్కడెక్కడ వాడతారు అని అడిగే ధైర్యం రావాలి.

ఇంత హక్కు ఉంటే మరి ఎవరూ నోరెందుకు విప్పరు? ఒక్కటే మాట వాళ్ల నోరు కడుతున్నది: పరువు నష్టం. అది నిర్మల్ బొమ్మ కాదు అని పనివాడు అన్నాడో లేదో, లాయరు నోటీసు వస్తుందని భయం. చిన్న పత్రిక రాసిందో లేదో, కోర్టుకు ఈడుస్తారని భయం. ఈ భయం పెద్దలకు పెద్ద ఆస్తి. 2007 ఫిబ్రవరిలో నాటి సమైక్య ప్రభుత్వం 938 నంబరు జీవో తెచ్చి, పత్రికల మీద కేసులు వేసే అధికారాన్ని సమాచార శాఖ అధికారి చేతికిచ్చింది. పాత్రికేయులు రోడ్డెక్కితే పక్కన పెట్టింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2430 జీవోతో అదే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు పంచింది. పార్టీలు మారినా, రాష్ట్రాలు రెండైనా, పాలకుడి చేతిలో ఈ కట్టె మాత్రం మారలేదు.

కట్టె పొడుగెంతో కొలుచుకుంటే భయం సగం పోతుంది. పరువు నష్టం పాత శిక్షాస్మృతిలో 499, 500 సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. శిక్ష రెండేండ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. లేదా సమాజ సేవ. ఈ నేరం పుస్తకంలో ఉండవచ్చునని 2016లో సుప్రీంకోర్టు సుబ్రమణ్యస్వామి కేసులో చెప్పింది. కాబట్టి లేదని నటించవద్దు. కానీ ఆ సెక్షన్‌కు మినహాయింపులున్నాయి. నిజమైన మాటను ప్రజల మేలు కోసం చెబితే నేరం కాదు. అధికారం ఉన్నవాడి ముందు సదుద్దేశంతో ఫిర్యాదు చేస్తే నేరం కాదు. తన ప్రయోజనాన్ని కాపాడుకోవడానికి సదుద్దేశంతో అన్నది నేరం కాదు. ప్రభుత్వ ఉద్యోగి విధుల్లో నడిచిన తీరు మీద సదుద్దేశంతో చెప్పిన అభిప్రాయం నేరం కాదు. నిర్మల్ పనివాడికి, కరీంనగర్ కంసాలికి ఈ నాలుగు చాలు.

చిన్న పత్రికలకు ఇంకో కొండగుర్తు ఉంది. నక్కీరన్ అనే తమిళ వారపత్రిక కేసులో 1994లో సుప్రీంకోర్టు తేల్చింది: ప్రభుత్వం గానీ, స్థానిక సంస్థ గానీ తన పరువు పోయిందని నష్టపరిహారం దావా వేయడానికి వీల్లేదు. అధికారి తన విధుల మీద వచ్చిన రాతకు దావా వేస్తే, అది అబద్ధమని, నిజమేదో పట్టించుకోకుండా రాశారని చూపించాలి. అది మన లాంటి వారపత్రిక కొట్లాడి తెచ్చిన తీర్పు. నోటీసు వచ్చిందంటే తీర్పు వచ్చినట్టు కాదు. నోటీసు అంటే ఒక లాయరు రాసిన ఉత్తరం.

మాట్లాడే ఇగురం కూడా నేర్చుకోవాలి. ఫలానా షావుకారి దొంగ అంటే మనమే ఇరుక్కుంటాం. ఫలానా తారీఖున, ఫలానా రశీదు మీద కొన్న ఈ బొమ్మ పొణికి కర్రది కాదు, అమ్మినవారు ఎవరి దగ్గర కొన్నారో చెప్పాలి అంటే ఎవడూ ఏమీ చేయలేడు. తిట్టు కోర్టులో నిలబడదు, రశీదు నిలబడుతుంది. ఉద్యమ కాలంలో మనకు నినాదం బలమైంది. ఇప్పుడు రుజువు బలం కావాలి.

చట్టం దగ్గర అన్నీ ఉన్నాయని మేము చెప్పం. దశాబ్దాలు మన యాసను సినిమాల్లో రౌడీకి, పనిమనిషికి, జోకర్‌కు పెట్టి నవ్వారు. ఆ అవమానానికి పరువు నష్టం దావా నిలవదు, ఎందుకంటే చట్టానికి గుర్తించదగిన మనిషో, చిన్న గుంపో కావాలి. కోట్ల మంది యాసకు పరువు ఉందని చట్టానికి తెలవదు. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ సినిమా కొమురం భీం పేరు పెట్టుకుని, ఆయన జీవితంలో జరగని కథ అల్లింది. పేరుకు కాపీరైటు లేదు. జోడేఘాట్ గోండులను అడగాలన్న నియమం ఏ పుస్తకంలోనూ లేదు. ఇట్లాంటి చోట చట్టం కాదు, జనం సోయే కావలి. యాసను తెర మీద తలెత్తుకునేలా చేసింది కోర్టు కాదు, కొట్లాటే.

చట్టం ఉన్న చోట మాత్రం దాన్ని వాడుకోకపోవడం మన తప్పు. అందుకే మా విన్నపాలు ఇవి. మొదటిది, ఉద్యోగ సంఘాల మిత్రులకు. కరీంనగర్, నిర్మల్, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ పట్టణాల్లో నెలకొక ఆదివారం సంఘం ఆఫీసు తెరిచి పెట్టండి. పనివాళ్లను పిలిచి దరఖాస్తులు నింపి, అఫిడవిట్లు రాయించండి. రెండోది, లా విద్యార్థులకు. ఊరూరా తిరిగి ఎవరి పేరు రిజిస్టరులో ఉంది, ఎవరిది లేదు, గడువు ఎప్పుడు తీరుతుంది అని ఒక జాబితా కట్టండి. ఓట్ల జాబితా తయారు చేసిన చేతులకు ఇది కష్టం కాదు. మూడోది, పాటగాళ్లకు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. ఏండ్లు, ప్రాంతం, పైసలు, పేరు, ఈ నాలుగూ రాసి ఉంటేనే పెట్టండి. నాలుగోది, సర్కారుకు. గోల్కొండ దుకాణాల్లో ప్రతి బొమ్మ మీద చేసినవాళ్ల పేరు, ఊరు రాయండి. పొణికి చెట్లు పెంచండి. కర్ర లేకపోతే పేరుండి ఏం లాభం? జిల్లాకొక అధికారికి ఈ నమోదు పని అప్పజెప్పండి.

చివరిది మాకు మేము చెప్పుకునేది. మా పత్రికలో వచ్చే ప్రకటనకు ప్రకటన అనే రాస్తాం, వార్త ముసుగు వేయం. కళాకారుడి ఫొటో వేస్తే పేరూ ఊరూ వేస్తాం. ఎవరి మీదన్నా ఆరోపణ రాస్తే కాగితం చేతిలో పెట్టుకుని రాస్తాం, వాళ్ల జవాబుకు అంతే చోటిస్తాం. తప్పు రాస్తే మొదటి పేజీలో ఒప్పుకుంటాం. ఊరికి నీతి చెప్పేవాడు ముందు తన వాకిలి ఊడ్చుకోవాలి కదా.

రాష్ట్రం అడిగిన రోజున మనల్ని చూసి చాలామంది నవ్వారు. ఢిల్లీ పుస్తకాల్లో ఆ పేరు ఎక్కదన్నారు. ఎక్కించాం. దానికి ప్రాణాలే పెట్టవలసి వచ్చింది. చెన్నై పుస్తకంలో పేర్లు ఎక్కించడానికి ప్రాణాలు అక్కర లేదు. ఒక ఆదివారం, ఒక కలం, పది రూపాయలు చాలు. పన్నెండు వందల మంది బిడ్డలను పోగొట్టుకున్నామని చెప్పుకునే జాతి, ఆ పని కూడా చేయలేకపోయిందని రేపటి పిల్లలు అనుకోవద్దు. బండి మీద పేరు రాసుకున్నాం. ఇగ పుస్తకంలో రాయిద్దాం.

జై తెలంగాణ!